డి డ్రైవ్‌లో నాన్న పాటలు

పర్చూరు బస్టాండు పక్కన మాలిక్ కొట్టుకి కంప్యూటర్ పట్టుకెళ్లినవాడెవడూ తిట్లు తినకుండా తిరిగి రాలేదు. బాగు చేసేది అరగంటైతే తిట్టేది గంట. పనిమంతుడే, కాదనేదేం లేదు. కానీ ఆ నోరుందే, దానికి బ్రేకుల్లేవు.

అతని గోలంతా ఒక్కటే. ఏ కంప్యూటర్ అమ్మినా అందులో జాగాని రెండు భాగాలు చేసి ఇస్తాడు, సి ఒకటి, డి ఒకటి. విండోస్ ఉండేది సిలో. మన సామానంతా డిలో పెట్టుకోవాలి. రేపు విండోస్ పాడైతే సిని తుడిచేసి కొత్తది ఎక్కిస్తాడు, డి జోలికి పోడు. అంత సులువు. జనం వింటేనా! అన్నీ డెస్క్‌టాప్ మీద పారేస్తారు. డెస్క్‌టాప్ కూడా సిలోదేనని ఎవడికీ గుర్తుండదు. అప్పుడు లేస్తాడు మాలిక్. "ఒరేయ్, సి అంటే కళ్లంరా! డి అంటే కోల్డ్ స్టోరేజీ. మిరపకాయలు కళ్లంలో వదిలేసి, వాన పడిందని నా దగ్గరకొచ్చి ఏడిస్తే ఎలా?"

క్రిస్టీనా ఆ తిట్లు ముందే తిన్న మనిషి. ప్రైవేటు బళ్లో టీచరు. రెండేళ్ల కిందట మాలిక్ దగ్గరే పాత కంప్యూటర్ కొనుక్కుంది. ఆ మంగళవారం దాన్ని ఆటోలో వేసుకొచ్చి దింపింది.

"అన్నా, మొన్నట్నుంచీ ఆన్ చేస్తే అరగంట పడుతోంది. మధ్యలో ఆగిపోతోంది. శనివారం చీరాల స్టూడియోకి నాన్న పాటలు ఇవ్వాలి."

నాన్నంటే జక్రయ్య. జీవితమంతా మిరపచేలల్లో కూలికెళ్లినవాడు. చదివింది ఐదో తరగతి. పాటకి మాట ఆయనే కట్టేవాడు, రాగం ఆయనే కట్టేవాడు, ఆదివారం చర్చిలో ఆయనే ఎత్తుకునేవాడు. నిరుడు గొంతులో క్యాన్సరన్నారు. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుందన్నారు గుంటూరు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందు నెలరోజుల్లో ఆ మనిషి పట్టుబట్టి ఇరవయ్యొక్క కొత్త పాటలు కట్టాడు. క్రిస్టీనా ఫోన్‌లో రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, జాగా లేక ఫోన్‌లోవి తీసేసింది. మాటలు నోటు పుస్తకంలో ఉన్నాయి. రాగాలు మాత్రం ఇంకెక్కడా లేవు. చర్చిలో ఎవరికీ నేర్పలేదు, సరిగమలు రాయడం ఆయనకి రాదు. ఇప్పుడు ఆయన ప్రాణం దక్కింది. గొంతు దగ్గర కన్నం, దానిమీద గుడ్డ. చిన్నగా కూనిరాగం తీద్దామన్నా ఊపిరి తప్ప ఏమీ రాదు.

"పాటలెక్కడ పెట్టావు? డెస్క్‌టాప్ మీదేనా?" మాలిక్ అప్పుడే గొంతు పెంచాడు.

"అయ్యో, లేదన్నా! నువ్వు తిట్టాక డిలోకి పంపాను. చూడు కావాలంటే."

చూశాడు. చూడలేదనడానికి లేదు. డి తెరిచాడు, 'నాన్న పాటలు' కనిపించింది, దాన్నీ తెరిచాడు, ఒక పాట నొక్కాడు. జక్రయ్య గొంతు కొట్టంతా నిండింది. మాలిక్‌కి ఎంత గర్వమేసిందంటే, అక్కడ కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ల వైపు తిరిగి, "చూశార్రా, మనిషంటే ఇలా ఉండాలి. చెప్తే వినే మనిషి!" అన్నాడు. క్రిస్టీనా సిగ్గుపడి నవ్వింది. వాళ్లకి ఉపన్యాసం ఇస్తూనే పెన్‌డ్రైవ్ గుచ్చి, సిని ఫార్మాట్ కొట్టి, కొత్త విండోస్ ఎక్కించాడు. క్రిస్టీనా బడికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పనంతా అయ్యాక మళ్లీ ఆ పాటే విందామని డిలోకెళ్లి 'నాన్న పాటలు' నొక్కాడు. తెరుచుకోలేదు. అది చూపించే చోటు లేదని చెప్పింది. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశాడు. ఆ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుంది. సైజు ఒక్క కేబీ. అది పాటల పెట్టె కాదు, పెట్టెకి దారి చూపించే షార్ట్‌కట్. పిచ్చితల్లి మౌసు కుడి మీట నొక్కి లాగి, వచ్చిన జాబితాలో షార్ట్‌కట్ అన్నది నొక్కేసినట్టుంది. అసలు పాటలు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. పొద్దున అతను డిలోంచి నొక్కినప్పుడు మోగింది కూడా అక్కణ్ణుంచే.

బాణం గుర్తు ఏమిటో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు, పదిహేనేళ్లుగా అదే పని చేసేవాడికి తెలియదా! నోరు మూసుకుని ఒక్క క్షణం తేరిపార చూసుంటే కనపడేది. మాలిక్ షట్టరు సగం దించేసి, పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్లు ఉన్నవన్నీ పెట్టి రెండ్రోజులు కూర్చున్నాడు. విజయవాడలో తెలిసినవాడికి ఫోన్ చేశాడు. "కొత్త విండోస్ వాటిమీదే రాసేసుంటుంది భాయ్, ఆశ పెట్టుకోకు," అన్నాడతను. పంతొమ్మిది పేర్లు దొరికాయి. నొక్కితే గరగర. ఒక్కదాంట్లో మాత్రం కొన్ని క్షణాల మాట మిగిలింది, అదీ పాట మొదలెట్టకముందు. "అమ్మా, కాసిని మంచినీళ్లియ్యి."

గురువారం సాయంత్రం క్రిస్టీనా ఫోన్ చేసింది. హార్డ్ డిస్క్ పోయిందని చెబితే సరిపోయేది. పాత డిస్కు, ఎవరడుగుతారు? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. "నేనే వస్తానమ్మా ఇంటికి," అని పెట్టేశాడు.

వెళ్లేసరికి జక్రయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య ప్రేమమ్మ టీ పెడతానని లోపలికెళ్లింది. మాలిక్ నిలబడే చెప్పాడు. బాణం గుర్తు సంగతి, తను చూడని సంగతి, తుడిచేసిన సంగతి, అన్నీ. ఊళ్లో అందర్నీ తిట్టే నోరు, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

"తప్పు నాదే బాబాయ్. క్రిస్టీనాది ఏమాత్రం కాదు. మీరు నన్నేమన్నా పడతాను."

అనడానికి ఆయనకి గొంతేదీ! అది తట్టాక మాలిక్‌కి ఇంకా సిగ్గేసింది.

క్రిస్టీనా గోడకి ఆనుకుని కూలబడిపోయింది. "నేనే నాన్నా. నేనే సరిగ్గా పెట్టలేదు. ఫోన్‌లోవి ఉంచినా బావుండేది," అంటూ తల కొట్టుకుంది. మిగిలిన ఆ మంచినీళ్ల మాటని మాలిక్ ఫోన్‌లో వినిపించాడు. అది ఎందుకు వినిపించానా అని తర్వాత ఎన్నిసార్లో అనుకున్నాడు. లోపల గిన్నె కిందపడిన చప్పుడైంది. ప్రేమమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలోకొచ్చి, మొగుడి మొహం చూసి, అక్కడే నిలబడిపోయింది.

జక్రయ్య తలగడ కిందనుంచి నోటు పుస్తకం తీసి, మొదటి పాట దగ్గర తెరిచి, కూతురి ఒళ్లో పెట్టాడు. పాడమని సైగ చేశాడు.

"నాకు గుర్తులేదు నాన్నా. రికార్డు చేసినప్పుడు విన్నదే."

మళ్లీ సైగ చేశాడు. మంచం పట్టె మీద వేళ్లతో తాళం మొదలెట్టాడు. క్రిస్టీనా కళ్లు తుడుచుకుని ఎత్తుకుంది. మొదటి చరణంలోనే ఆయన తల అడ్డంగా ఊపాడు. కాదు. చెయ్యి పైకెత్తి, ఇక్కడ పైకెళ్లాలని చూపించాడు. ఆమె ఇంకోలా పాడింది. కాదు. ఆయన నోరు తెరిచాడు, మెడ నరాలు ఉబ్బాయి, కన్నం మీది గుడ్డ ఊపిరికి ఎగిరింది. అంతే. మూడోసారి క్రిస్టీనా చివరిదాకా పాడింది. ఆయన కళ్లు మూసుకుని విని, కాదని తలూపాడు. పుస్తకం మూసేసి ఆమె భోరుమంది.

జక్రయ్య పుస్తకం మళ్లీ తెరిచి ఇచ్చాడు. నాలుగోసారి పాడింది. ఈసారి ఆయన తాళం ఎక్కడా ఆపలేదు. పాట అయ్యాక నవ్వుతూ నిలువునా తలూపి, కూతురి నెత్తిమీద చెయ్యేశాడు.

"ఇదేనా నాన్నా? ఇదేనా?" క్రిస్టీనా లేచి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. "అమ్మా, దొరికిందే! మిగతావి కూడా ఇలాగే రాబడదాం!"

మాలిక్ మంచం పక్కనే ఉన్నాడు. మూడోసారి ఎలా పాడిందో, నాలుగోసారీ అచ్చం అలాగే పాడింది. అతను ఆ మాట అనబోతుంటే జక్రయ్య అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. కూతురు తిరిగొచ్చి రెండో పాట తీసేదాకా వదల్లేదు.