చుట్టాల గది

అద్దె పుస్తకాల షాపులో లోపలి గది తలుపు తీసే ముందు జతలక్క వేలి కణుపులతో దాన్ని మెల్లగా తట్టింది. తట్టి, కాసేపు ఆగింది. లోపల ఎవరైనా మాటలు ఆపి, సర్దుకుని కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత గడియ తీసి, తడిగుడ్డ పట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆ గదిలో మనుషులెవరూ ఉండరు. గోడ పొడుగునా చెక్క అరలు, వాటి నిండా ఆత్మకథలు. నవలలేమో ముందు హాల్లో, కిటికీల వెలుతురులో, మెట్లెక్కి వచ్చేవాళ్లకి ఎదురుగా ఉంటాయి. వాటిని దులిపేటప్పుడు ఆమెకి ఏ మర్యాదా పట్టదు. కూనిరాగం తీస్తూ టపటపా దులిపేస్తుంది. లోపలి గదిలో మాత్రం నోరెత్తదు. పుస్తకాన్ని పక్కకి జరిపినా, నిద్రపోతున్నవాళ్ల మీద దుప్పటి సర్దినట్టు జరుపుతుంది.

కింద బట్టలు కుట్టే దర్జీ ఇదంతా ఒకసారి చూసి ఆ గదికి చుట్టాల గది అని పేరు పెట్టాడు. ఇవాళ కూడా మెట్ల కిందనుంచే కేకేశాడు.

"ఏమక్కా, చుట్టాలు లేచారా? కాఫీలయ్యాయా?"

"నీ కుట్టు మిషను గోలకి ఎప్పుడో లేచారు."

ఆ చుట్టాల మాట దర్జీ సొంతం కాదు. ఆమె దగ్గర విన్నదే. "నవల చదవడమంటే మనం ఒకరింటికి వెళ్లిరావడం. తలుపు దగ్గరికేసి వచ్చేస్తే అయిపోయింది. ఆత్మకథంటే వాళ్లు మనింటికి రావడం. కొందరు ఒక పట్టాన కదలరు" అనేది. అందుకే ఆ అద్దె పుస్తకాల షాపుకి ఎవరొచ్చినా రెండు పుస్తకాలు జతగా ఇచ్చేది. ముందు చదవడానికో ఆత్మకథ, తర్వాత చదవడానికో నవల. వచ్చిన చుట్టాన్ని వీధి చివరిదాకా సాగనంపి రావడానికన్నమాట. షాపులో పాఠకులు మారారు, ఓనరు పోయి ఓనరు కొడుకు వచ్చాడు, ఆమె జుట్టు ముగ్గుబుట్టయింది. జత మాత్రం మారలేదు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి జతలక్క మిగిలింది.

పొట్టి మనిషి. ఎవరు మాట్లాడినా ఎడమ చెవి ముందుకు పెట్టి, తల వాల్చి వింటుంది. ఏళ్ల తరబడి అలా వాల్చి వాల్చి మెడ ఆ పక్కకే ఒరిగిపోయింది. కుడి చెవికి వినపడదేమోనని కొత్తవాళ్లు ఆ పక్కనుంచి గట్టిగా మాట్లాడతారు. వినపడుతుంది. కానీ ఆమె ఎదురుచూసేది ఎడమ చెవితోనే.

ఆమె తనదని చెప్పుకోగలిగిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఆ చెవిలోనే ఉంది. చిన్నప్పుడు ఆమె తల్లి ఒక గోడౌన్లో దబ్బనంతో బస్తాల మూతులు కుట్టేది. ఒకరోజు పిల్లని వెంట తీసుకెళ్లి, బస్తాలు తూచే పెద్ద కాటా మీద కూర్చోబెట్టింది. వంగి, ఎడమ చెవిలో ఏదో చెప్పి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత లోపల బస్తాల వరస కూలింది. తల్లి బయటికి రాలేదు. పిల్లని పిన్ని పెంచింది. తల్లి ముఖం ఎప్పుడో చెరిగిపోయింది. చెవిలో ఊపిరి వెచ్చదనం మిగిలింది గానీ, ఆ మాట మిగల్లేదు.

ఈ సంగతి ఆమె పిన్నితో అనలేదు. కొన్నాళ్లు కాపురం చేసి వెళ్లిపోయిన మొగుడితోనూ అనలేదు. చెప్తే ఆ వెచ్చదనం కూడా చల్లారిపోతుందని భయం. కానీ ఆత్మకథలన్నీ చదివింది. పిల్లని వదిలి లోపలికి వెళ్లే ముందు తల్లులు ఏం చెప్తారో ఎవరో ఒకరు రాసే ఉంటారని చదివింది. చాలామంది చాలా రాశారు. ఏదీ ఆ చెవిలో పట్టలేదు.

ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఆవులిస్తూ వచ్చింది.

"ఏడిపించేది వద్దక్కా. ఏడుపు నాకు జీతంలో భాగం."

జతలక్క లోపలికి వెళ్లి ఒకటి, హాల్లోంచి ఒకటి తెచ్చింది. "ముందు ఇది. పడవలు చేసే వడ్రంగి రాసుకున్నాడు. ఎక్కువ మాట్లాడడు, నీకు విశ్రాంతి. తర్వాత ఈ నవల. ఇద్దరు తోడికోడళ్లు, ఇద్దరూ నోరు ముయ్యరు."

"దానికి నవలెందుకు, మా అత్తగారింటికి వెళ్తే సరిపోదూ?"

"అక్కడ నువ్వు పేజీ మూసెయ్యలేవు కదమ్మా."

నర్సు నవ్వుకుంటూ మెట్లు దిగుతుంటే, ఆమెని ఒరుసుకుంటూ లిఫ్టు బాబాయి కూతురు పైకి వచ్చింది. కళ్లజోళ్ల దుకాణంలో పని ఆ పిల్లకి. దుకాణం తెరిచే వేళలో ఇక్కడికి రావడమే వింత.

"అక్కా, మా నాన్నకి ఏం పుస్తకాలిస్తున్నారు?"

"ఆయన అడిగినవే. ఏమైందమ్మా?"

లిఫ్టు బాబాయి పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరైనవాడు. "జన్మంతా పైకీ కిందికీ తిరిగాను గానీ ముందుకి ఒక్క అడుగూ వెయ్యలేదమ్మా" అని నవ్వించేవాడు. భార్య పోయాక నవలలు ముట్టుకోవడం మానేశాడు. చదవకుండానే తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. అబద్ధాలొద్దు, నిజంగా బతికినవాళ్లు కావాలి, పగలంతా ఇంట్లో మాట్లాడే మనిషి లేదు అన్నాడు. జతలక్క మనసు కరిగింది. ఆయన ఒక్కడి కోసం జత తప్పింది. రెండుకి రెండూ ఆత్మకథలే ఇస్తూ వచ్చింది.

"భోజనానికి ముందు మోచేతుల దాకా చేతులు కడుగుతున్నాడక్కా, ఆపరేషన్ డాక్టర్లలాగ. ఎందుకు నాన్నా అంటే లోపల పేషెంటుందన్నాడు. మొన్నటినుంచి కుంటుతున్నాడు. తొడలో బాంబు ముక్క ఉండిపోయిందట. మా నాన్నకి లిఫ్టు తలుపులో వేలు నలగడం తప్ప ఇంకో దెబ్బ తెలీదు." ఆ పిల్ల నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "మా ఇంట్లో ఎవరికీ రాని పాట పాడుతున్నాడు. గొంతు ఆయనదే. పాడేది ఆయన కాదు. పొద్దున నన్ను చూసి లేచి నిలబడి, ఏ అంతస్తుకి వెళ్లాలమ్మా అన్నాడు. అదొక్కటైనా ఆయన సొంత మాట కదా అని సంతోషించాను చూడండి, నా ఖర్మ."

జతలక్క లోపలి గది వైపు చూసింది. డాక్టరు పుస్తకం, సైనికుడి పుస్తకం, పాటగత్తె పుస్తకం, అన్నీ తన చేతుల మీదుగా వెళ్లినవే.

"ఇంటినిండా మనుషులున్నారక్కా. వాళ్లలో మా నాన్న ఏ మూల కూర్చున్నాడో దొరకట్లేదు. ఆయనకి నవల ఇవ్వండి. మీరే అంటారు కదా, నవల చుట్టాల్ని సాగనంపుతుందని. అందర్నీ పంపించెయ్యండి."

"ఇస్తానమ్మా. నవలే ఇస్తాను."

"మాటేనా?"

"మాటే."

ఆ పిల్ల వెళ్లగానే జతలక్క హాల్లో వెతికి, బాగా నవ్వించే నవల ఒకటి తీసి బల్ల మీద పెట్టుకుంది.

మధ్యాహ్నం దర్జీ మిషను ఆగాక లిఫ్టు బాబాయి వచ్చాడు. పొడుగు మనిషి. ఎంత పెద్ద గదిలో నిలబడినా మోచేతులు ఒంటికి ఆనించి, మూలకి ఒదిగి, లిఫ్టులో పట్టేంత చోటే వాడుకుంటాడు. ఇవాళ కాలు ఈడుస్తూ వచ్చి, రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"మంచినీళ్లిమ్మంటారా బాబాయ్?"

గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. తర్వాత, ఎవరో అడిగితే చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఇనుము చల్లగా ఉందమ్మా. గౌను పొట్టిది కదా, తొడలకి తగిలి ఒళ్లు జలదరించింది. కాటా ముల్లు కాసేపు ఊగి ఆగిపోయింది. చూశావా, నువ్వు అరబస్తా కూడా లేవు అని నవ్వింది అమ్మ."

బల్ల తుడుస్తున్న జతలక్క చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. తల తనంతట తానే ఎడమకి వాలింది.

"గోనెల దుమ్ము వాసన. దబ్బనం గుచ్చుకుందేమో, బొటనవేలికి పసుప్పచ్చ గుడ్డపీలిక కట్టుకుంది. ఆ వేలితోనే నా జుట్టు పక్కకి తీసింది."

ఆ పీలిక ఆమెకి గుర్తు లేదు. అది గుర్తు లేదన్న సంగతి కూడా ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. ఆయన అనగానే అది కళ్ల ముందుకి వచ్చింది, ముడి దగ్గర ఎండిన రక్తపు మరకతో సహా.

"ఏ పుస్తకంలోది ఇది బాబాయ్?"

"పుస్తకమేంటమ్మా. నాకు జరిగింది."

ఆయన తెచ్చిన రెండు పుస్తకాలనీ ఆమె లాక్కుని తిరగేసింది. ఒకటి గుర్రాల డాక్టరుది, ఒకటి సముద్రం మధ్య దీపస్తంభం కాపరిది. రెండూ ఆమెకి కొట్టినపిండే. వాటిలో గోడౌను లేదు, కాటా లేదు, పిల్ల లేదు.

"తర్వాత?" అంది. గొంతు తనదిలా లేదు.

"తర్వాత వంగి, చెవిలో చెప్పింది."

"ఏం చెప్పింది?"

ఆయన ముఖంలో చిన్నపిల్లల గడుసుతనం కనిపించింది. "ముందు పుస్తకం తే. చేతిలో పుస్తకం లేకపోతే నాకు నోరు పెగలదు." ఆయన చూపు బల్ల మీది నవల మీద పడింది. "అది కాదు. అది చదివితే అందరూ వెళ్లిపోతారు. ఈ కాటా మీది పిల్ల కూడా వెళ్లిపోతుంది. లోపలి గదిలోది తే, చెప్తాను." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కట్టుడుపళ్లు తీసి నీళ్ల గ్లాసులో వేశాడు. "చిగుళ్లు ఒరుసుకుపోతున్నాయి తల్లీ. ఆ మాట ఎలాగూ మెత్తగా చెప్పాలి." పళ్లు లేని నోట్లోంచి వచ్చిన ఆ చివరి మాటలు ఆడగొంతులా వినపడ్డాయి.

ఆమె నవల చేతిలోకి తీసుకుని లేచింది. లోపలి గది తలుపు దాకా వెళ్లి నిలబడింది. పొద్దున ఇచ్చిన మాట గుర్తుంది. ఇంట్లో తండ్రిని వెతుక్కుంటున్న ఆ పిల్ల ముఖమూ గుర్తుంది. ఒక్క పుస్తకమే కదా అనుకుంది. ఇదొక్కటి చదివాక జన్మంతా నవలలే ఇస్తాను అనుకుంది. నవలని గుమ్మం పక్కన నేల మీద పెట్టి, తట్టకుండానే తలుపు తోసింది.

గది నిశ్శబ్దంగా ఉంది. అయితే అది ఖాళీ గది నిశ్శబ్దం కాదు. తన గురించే మాట్లాడుకుంటూ, తను రాగానే ఆపేసిన వాళ్ల నిశ్శబ్దం. గోనెల దుమ్ము వాసన వేసింది. ఆమె ఏ అరవైపూ చూడకుండా చేతికి అందిన పుస్తకం లాక్కుని వెనక్కి వచ్చింది.

"తెచ్చాను బాబాయ్. చెప్పండి."

ఆయన ఒళ్లో పుస్తకం పెట్టింది. ఆయన చేతులు దాన్ని పట్టుకోలేదు. తల ఎడమ పక్కకి ఒరిగి ఉంది. పెదవులు కాస్త విడివడి, ఒక మాటకి సిద్ధమై ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తన ఎడమ చెవిని ఆ పెదవులకి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. చెవికి వెచ్చదనం ఏమీ తగల్లేదు.

లేచి, పుస్తకం తీసుకెళ్లి ఉన్న చోటే పెట్టింది. నవల తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాతే మెట్ల దగ్గరికి వెళ్లి దర్జీని పిలిచింది.

దర్జీ వచ్చి చూసి, మెడలో టేపు తీసి జేబులో పెట్టుకుని, ఆయన కళ్లు మూశాడు. కూతురు వచ్చింది. ఏడవలేదు. తండ్రి చొక్కా గుండీలు సరిచేసింది. ఆయన్ని మోసుకుని కిందికి దించుతుంటే, ఒక్కతే మెట్ల మీద ఆగిపోయింది.

"పుస్తకం ఇచ్చారా అక్కా?"

"ఇంకా ఇవ్వలేదమ్మా. అలా తీసేలోపే."

"చివర్లో ఎవరిగా మాట్లాడాడు? మా నాన్నేనా?"

జతలక్క నోరు తెరిచింది. ఏం చెప్పాలో అనుకోలేదు. నోటికి వచ్చింది చెప్పింది. "మీ నాన్నే. మీ అమ్మ మొదటిసారి లిఫ్టెక్కినప్పుడు భయపడి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుందని చెప్పారు. చిరిగిపోయిందట కూడాను. ఆ చిరుగు కుట్టించకుండానే చాలా రోజులు వేసుకున్నారట."

కూతురు ఆమెవంక చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు అప్పుడు వచ్చాయి. "ఆ చొక్కా సంగతి అమ్మ పోయే ముందు నాకొక్కదానికే చెప్పింది. నాన్నకి గుర్తులేదనుకున్నాను." జతలక్క చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుంది. "అయితే మా నాన్నే, అక్కా. మా నాన్నగానే వెళ్లాడు."

ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది. జతలక్క అక్కడే నిలబడి, నీలం గళ్ల చొక్కాని, భుజం దగ్గర చిరుగుని, దాన్ని పట్టుకున్న వణికే వేళ్లని స్పష్టంగా చూస్తూ ఉండిపోయింది. అది తనకి ఎవరూ చెప్పలేదు. తన తల్లి వేలికి కట్టిన పీలిక ఏ రంగుదో గుర్తుచేసుకోబోయింది. రాలేదు.

షాపు మూసే వేళకి హాల్లోకి తిరిగొచ్చింది. కుర్చీ సర్దింది. బల్ల తుడవబోయి ఆగింది. తీసుకెళ్లడం ఎవరికీ గుర్తురాక వదిలేసిన గ్లాసు అక్కడే ఉంది. కదలని నీళ్ల అడుగున కట్టుడుపళ్ల జత, పై వరసకీ కింది వరసకీ మధ్య ఒక మాట పట్టేంత సందుతో.