బానలో ఎర్ర చార

"మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడే వేళకి ఆ బానలు ఎండి ఉన్నాయంటే ఈ ఇంట్లోంచి ఇంకొకరు పోతారు. ముందు చెప్పలేదనకు," అంది నబవియ్యా.

అప్పటికి ఏమీ జరగలేదు. ఇంకా సరిగ్గా తెల్లవారనే లేదు. కొడుకు వహ్దాన్ గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. తల్లి మాటకి తల ఎత్తలేదు.

"ఎండవులేమ్మా."

"నీకెలా తెలుసు? నువ్వా రోలరు మీద ఎక్కడో ఉంటావు."

"ఎండవన్నాను కదా."

ఆ 'కదా' ఆమెకి నచ్చలేదు. పది పన్నెండు రోజులుగా వాడి మాటలన్నీ అలాగే, మొహం మీద తలుపు వేసినట్టు ముగుస్తున్నాయి. పోనీ ఒంట్లో బాగాలేదా అంటే తిండి బాగానే తింటున్నాడు. అదీ ఆమెకి అనుమానమే. మనసులో ఏదో పెట్టుకున్నవాడు మరీ బాగా తింటాడని ఆమె లెక్క.

ఇంటి ముందు, రోడ్డు వారగా, ఖర్జూరపు మట్టల పందిరి కింద ఐదు మట్టి బానలున్నాయి. మనిషి నడుము దాకా వచ్చేంత పెద్దవి. గొలుసుకు కట్టిన రేకు గ్లాసు ఒకటి. ఆమె భర్త ఖలఫ్ పేరున పెట్టిన చలివేంద్రం అది. తొమ్మిదేళ్ళ కింద ఖర్జూరాల లారీ ఇరుసు విరిగి, ఖలఫ్ ఇదే రోడ్డు మీద, మూట్ ఊరికి అరవై కిలోమీటర్ల అవతల, రెండు రోజులు ఒంటరిగా కూర్చున్నాడు. మూడోరోజు మనుషులు చేరేసరికి పక్కన నీళ్ళ డబ్బా ఖాళీగా ఉంది. అప్పట్నుంచీ నబవియ్యాకి ఖాళీ గిన్నె కనబడితే చాలు, గుండె జారిపోతుంది.

లారీ మాత్రం పోలేదు. ఇరుసు మార్పించి ఇంటి వెనకే నిలబెట్టారు. వహ్దాన్ దాన్ని మూడేళ్ళు నడిపాడు. ఆ మూడేళ్ళూ వాడు ఊరు దాటిన ప్రతిసారీ ఆమె మెతుకు ముట్టలేదు. కిందటి చలికాలంలో రోడ్డు కంపెనీలో రోలరు పని దొరికినప్పుడు ఉన్న రెండు మేకల్లో ఒకదాన్ని కోసి ఊరంతా పంచిపెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వారు.

"ఇంత సంబరమేమిటే, వాడేం విమానం నడుపుతున్నాడా?"

"విమానమైతే ఏడ్చేదాన్ని," అంది నబవియ్యా. "ఇది మనిషి నడిచినంత నెమ్మదిగా పోయే బండి. దాని మీద కూర్చున్నవాడు ఎక్కడికని పోతాడు?"

కానీ వహ్దాన్ ఒకసారి అన్నం తింటూ అన్న మాట ఆమెకి గుర్తుండిపోయింది. "ఈ పని పోతే మళ్ళీ లారీయేనమ్మా." నవ్వుతూనే అన్నాడు. ఆమె మాత్రం ఆ రోజునించీ లారీ ఉన్న వైపు కిటికీకి గోనెపట్టా వేలాడదీసింది.

వాడు వెళ్ళాక ఆమె కూడా టీ కెటిలూ, ఉడికిన చిక్కుడు గింజల డేగిసా, పిండిని ఎండలో పొంగించి కాల్చిన రొట్టెలూ చిన్న తోపుడుబండిలో పెట్టుకుని బయల్దేరింది. రోజూ పని జరిగే చోటికి టీ, తిండి పట్టుకెళ్ళి అమ్ముకుంటుంది. అమ్మకం ఒక సాకు. కొడుకు కళ్ళ ముందు ఉంటాడు.

ఇరవై ఏళ్ళ ఎండకి ఆ రోడ్డు తెల్లబడి, ముసలి మనిషి అరికాలులా పగుళ్ళిచ్చి, కంకర ఊడి చక్రాల కింద గలగలలాడేది. ఇప్పుడా పైపొరని గీకి తీసేసి, ఊడ్చి, జిగురు తారు చల్లి, దాని మీద కొత్త తారుకంకర పరుస్తున్నారు. పొగలు కక్కే ఆ నల్లటి పరుపు మీద వెనకా ముందూ వహ్దాన్ రోలరు తిరగాలి. రోలరు ఇనప చక్రం మీద ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండాలి. చక్రం పొడిగా ఉంటే వేడి తారు దానికి అంటుకుని పొరంతా పెళ్ళలుగా లేచొస్తుంది. ఆ ఎడారిలో ఆ నీళ్ళు రావాలంటే పాత బావి దగ్గర ట్యాంకరు నింపుకుని డ్రైవరు గత్తాస్ తేవాల్సిందే.

"పిన్నీ, ఇది టీలో చక్కెరా, చక్కెరలో టీనా?" అన్నాడు పార పట్టుకున్న ఒక కూలీ.

"తాగినన్నాళ్ళూ తాగి ఇవాళ అడుగుతున్నావా? మూతి తుడుచుకో ముందు."

అందరూ నవ్వారు. ఆమె చూపు మాత్రం రోలరు దగ్గరే ఉంది. మేస్త్రీ బక్రీ రోలరు ఎక్కి, నీళ్ళ తొట్టిలోకి ఖర్జూరపు ఈనె దించి తీశాడు. తడి సగానికే ఉంది. అతను ట్యాంకరు వైపు చూశాడు. గత్తాస్ తన ట్యాంకరు చక్రం వైపు చూసుకున్నాడు. బక్రీ ఈనెని అంగీకి తుడుచుకుని దిగిపోయాడు.

నీళ్ళు తగ్గితే అరవని మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా? బావి దగ్గర నిండుగా బయల్దేరిన ట్యాంకరు ఇక్కడికొచ్చేసరికి ఎలా తగ్గింది? ఆమె మనసు వెంటనే బక్రీ తమ్ముడి పుచ్చతోట మీదికి పోయింది. ఈ ఎండల్లో చుట్టూ ఆకు మాడిపోతుంటే, ఆ తోట ఒక్కటే పచ్చగా ఉంది. మొన్నే చూసింది.

"ఉమ్ వహ్దాన్, అంతలా చూస్తున్నావు, నా మొహాన ఏమైనా రాసి ఉందా?" అన్నాడు బక్రీ గ్లాసు అందుకుంటూ. ఊళ్ళో తల్లుల్ని అలా కొడుకు పేరుతోనే పిలుస్తారు.

"రాసి ఉంటే చదివేదాన్నే. నాలుగో తరగతి దాకా చదివాను."

"అయితే నా మొహం అయిదో తరగతిది," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు కూడా ఆమెకి తేడాగానే కనపడింది.

ఎండ నడినెత్తికి రాకముందు ఆమె ఇంకొకటి చూసింది. వహ్దాన్ రోలరు ఆపి, కర్రకి కట్టిన గుడ్డని డబ్బాలో ముంచి చక్రానికి పూస్తున్నాడు. గాలికి డీజిలు వాసన వచ్చింది. పది రోజులుగా వాడి చొక్కాల్లో ఉన్న వాసన అదే. డీజిలు తారుని కరిగిస్తుందని రోడ్డు పనివాడి తల్లికి తెలియకపోతుందా? వాడి చేత ఎవరో ఆ పని చేయిస్తున్నారు. నీళ్ళు తోటకి, పాపం నా కొడుక్కి.

ఇంటికొచ్చేసరికి బానలు ఐదూ నిండి ఉన్నాయి. అదొక్కటే ఆమెకి రోజులో ఊరట. మూట్ మున్సిపాలిటీ ట్యాంకరు తొమ్మిదేళ్ళుగా ఆమె ఇంట్లో లేని వేళ వచ్చి నింపిపోతుంది. చలివేంద్రానికి పోసేవాళ్ళు ఆగి పేరు చెప్పుకోరు, ఆమె అడగదు.

కానీ సాయంత్రం కాస్త నీడపడ్డాక బానలో చెయ్యి పెడితే లోపల, నీటి అంచున, వేలెడు వెడల్పున ఎర్ర చార. గోకితే గోళ్ళలోకి తుప్పులా వచ్చింది. పన్నెండు రోజులుగా ఇదే. మొదటిరోజు ఇసుక అనుకుంది. రెండోరోజు ఎవరి దిష్టో అనుకుంది. ఆ తర్వాత మాత్రం ఎవరో ఏదో కలుపుతున్నారనే నిశ్చయానికొచ్చింది. దారినపోయేవాడు తాగి పడిపోతే ఖలఫ్ పేరుకి ఎంత మచ్చ! అందుకని రోజూ పొద్దుగూకే వేళ ఐదు బానల నీళ్ళూ ఇసుకలోకి వంచేసి, ఈతపీచుతో తోమి, రాత్రంతా బోర్లించి పెడుతోంది. ఎలాగూ పొద్దున మళ్ళీ నింపుతారు.

ఆ సాయంత్రం కూడా అలాగే చేసి, కొడుకు ముందు రొట్టె పెడుతూ అడిగింది.

"ఆ డీజిలు ఎవరు పుయ్యమన్నారు?"

వాడు రొట్టె తుంచాడు.

"బక్రీయేనా? నాకు చెప్పు. వాడి తమ్ముడి తోట సంగతి నాకు తెలుసు."

వాడు చిక్కుడు గింజలు అద్దుకుని తిన్నాడు.

"మీ నాన్న కూడా ఇలాగే ఏమీ చెప్పకుండా బండెక్కాడు."

వహ్దాన్ నములుతున్నవాడు ఆగాడు. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

గురువారం ఇంజనీరు విసామ్ వచ్చాడు. అలెగ్జాండ్రియా మనిషి, సముద్రం పక్కన పుట్టినవాడు, మాటకి ముందు చెమట తుడుచుకుంటాడు. మొదటి వారం వేసిన ముక్క మీద నడుస్తూ నడుస్తూ ఆగి, బూటు మడమతో గట్టిగా అదిమాడు. పిండి ముద్దలో వేలు పెట్టినట్టు గుంట పడింది. ఇంకాస్త అవతల ట్యాంకరు చక్రాలు తిరిగిన చోట పొర లేచి ముద్దలుగా ఉంది. వంగి చిన్న ముక్క గిల్లి వాసన చూశాడు.

"డీజిలు," అన్నాడు. "రోలరు ఎవరిది?"

వహ్దాన్ దిగి వచ్చి నిలబడ్డాడు.

"పూశావా?"

"పూశానండీ."

"ఎందుకు?"

"నీళ్ళు చాల్లేదు."

"రోజూ ట్యాంకరు నిండా వస్తోందని బావి దగ్గర కాపలావాడు చెబుతున్నాడు. మధ్యలో ఎటు పోతున్నాయి?"

వహ్దాన్ నేల వైపు చూశాడు. ఇంజనీరు గత్తాస్ వైపు తిరిగాడు. గత్తాస్ మెడలో ఉన్న చిన్న తోలు సిలువని వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు.

నబవియ్యా కెటిల్ కింద పెట్టేసింది. "వాళ్ళనెందుకు అడుగుతారు ఇంజనీరు బాబూ? మేస్త్రీని అడగండి. ఆయన తమ్ముడి పుచ్చతోట చూసి రండి. ఊరంతా మాడుతుంటే అది పచ్చగా ఎందుకుందో అడగండి!"

"అమ్మా, ఊరుకో!" అన్నాడు వహ్దాన్.

"ఊరుకోను. నువ్వు మళ్ళీ ఆ లారీ ఎక్కితే ఎవరు ఊరుకోబెడతారు నన్ను?"

బక్రీ టోపీ తీసి బోడితల రుద్దుకున్నాడు. కోపం రాలేదతనికి. అది ఆమెకి ఇంకా అనుమానంగా ఉంది.

"నా తమ్ముడిది కాలవ నీళ్ళు, ఉమ్ వహ్దాన్. పొలం హక్కు." తర్వాత ఇంజనీరుతో అన్నాడు, "ఆ నీళ్ళ సంగతి నన్నడక్కండి సార్. పోయినవాళ్ళ పేరున పోసే నీళ్ళకి మా దగ్గర లెక్క అడగరు. నేనూ అడగలేదు."

"పోయినవాళ్ళేమిటి? నాకు అర్థం కావడం లేదు."

బక్రీ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంజనీరు విసుగ్గా చెమట తుడుచుకుని జేబులోంచి పుస్తకం తీశాడు.

"బాగుంది. దొంగ ఎవరో తెలియదు, పూసినవాడు మాత్రం ఒప్పుకున్నాడు. ఈ పేరు ఇవాళే మూట్ ఆఫీసుకి వెళ్తుంది. ఇక ఏ రోలరూ ఎక్కనివ్వరు." కలం మూత తీస్తూ ఆమె వైపు చూశాడు. "పెద్దమ్మా, బయటివాళ్ళెవరో తీసుకెళ్ళారనుకుందామంటే అదీ కుదరదు. పన్నెండు రోజులుగా ఈ రోడ్డు రెండు చివర్లా డ్రమ్ములు అడ్డం పెట్టాం. మా బండ్లు తప్ప ఒక్క చక్రం లోపలికి రాలేదు. మున్సిపాలిటీ బండ్లు కూడా ఆ వెనక ఇసుక దారినే పోతున్నాయి."

మున్సిపాలిటీ బండ్లు కూడా.

నబవియ్యా చెవిలో ఆ మాట నిలిచిపోయింది. ఆమె రోలరు వైపు చూసింది. నీళ్ళ తొట్టి కింద, గొట్టం చుట్టూ, చక్రం పక్క రేకు పొడుగునా నీళ్ళు కారి ఆరిన చోట ఎర్ర చార. వేలెడు వెడల్పు. పాత బావిలో నీళ్ళు ఇనపవాసనతో ఎర్రగా ఊరతాయని ఈ నేలలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. అందుకే ఆ నీళ్ళు తాగడానికి వాడరు, రోడ్డుకి వాడతారు. అవసరమై తాగినా మనిషి చావడు, అంతే.

ఆమె గత్తాస్ని చూసింది. అతను ఇప్పుడు నేరుగా ఆమె కళ్ళల్లోకే చూస్తున్నాడు, క్షమించు అక్కా అన్నట్టు. బక్రీ చూపు మళ్ళించుకున్నాడు. అందరికీ తెలుసు. పార పట్టుకున్న కూలీలకి కూడా తెలుసు. తెలియనిది ఆమె ఒక్కతెకే. ఎండవులేమ్మా అని పొద్దున్నే గడప మీద కూర్చుని అన్నవాడు ఎందుకంత గట్టిగా అన్నాడో, చలివేంద్రం ఎండితే ఇంకొకరు పోతారని రోజూ వాడి నెత్తిన కొట్టినట్టు చెప్పింది ఎవరో, ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

వహ్దాన్ ఆమె వైపే చూస్తున్నాడు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఇంజనీరు కలం కాయితం మీద ఆనింది. "పూర్తి పేరు?"

తారు బండి ఇంజను ఎవరో ఆపేశారు. పొగ నిటారుగా లేస్తోంది. కెటిల్ మూత మీద ఈగ వాలింది. "పేరు అడుగుతున్నాను," అన్నాడు ఇంజనీరు. దూరంగా మూట్ వైపు నుంచి మధ్యాహ్నపు నమాజు పిలుపు సన్నగా మొదలై, పూర్తిగా సాగి, ఆగిపోయింది. ఇంజనీరు తల ఎత్తి, ఈసారి గొంతు తగ్గించి, అందరినీ ఉద్దేశించి అడిగాడు.

"చివరిసారి అడుగుతున్నాను. ఆ నీళ్ళు ఎటు పోయాయి?"

"నా బానల్లోకి," అంది నబవియ్యా. "ఐదూ నిండేవి బాబూ. పొద్దుగూకే వేళకి నేనే ఇసుకలో పారబోసేదాన్ని. రండి, ఎర్ర చార చూపిస్తాను."