పావుగంట దారి

పేపర్ వాల్యుయేషన్ పని మధ్యాహ్నానికే తెమిలిపోయింది. ద్రాక్షారామం బస్సు ఐదింటికి. సూర్యకళ టీచరుకి యాభై రెండేళ్లు. రాజమండ్రి ఎన్నోసార్లు వచ్చింది గానీ, భర్త భీమరాజు ఎప్పుడూ ఆటో దిగనిచ్చేవాడు కాదు. ఈసారి ఆయన వెంట రాలేదు. సంచీ భుజాన వేసుకుని మెయిన్ రోడ్డున పడింది.

కనపడిన సందల్లా దూరింది. ఒకచోట అత్తరు, ఇంకోచోట వేడి కచోరీ. మలుపు తిరిగితే చాలు, హిందీ పోయి ఉర్దూ, ఉర్దూ పోయి బెంగాలీ. గంట తిరిగేసరికి ఎక్కడున్నదీ తెలియలేదు. ఆజాద్ చౌక్ వెనక ఒక పెద్దావిడ అరుగు మీద బెండకాయలు తరుగుతోంది.

"మామ్మగారూ, గోదారి గట్టుకి ఎటు వెళ్లాలండి?"

"తిన్నగా పోతే పావుగంటమ్మా." ఆవిడ అటు చెయ్యి చూపించింది. "నేను గట్టు చూసి నాలుగేళ్లయింది. మోకాళ్లు. మావాళ్లు బండి మీద తీసుకెళ్తామంటారు గానీ, నాకు వెనక కూర్చోవాలంటే భయం."

"నాతో వస్తారా?" అనుకోకుండా అనేసింది సూర్యకళ.

"నెమ్మదిగా నడుస్తాను మరి."

ఆవిడ పేరు జులేఖా బీ. కోడలికి కేకేసి చెప్పి, బురఖా వేసుకుని వచ్చేసింది.

పది అడుగులకోసారి ఆగడమే. స్టీలు సామాన్ల కొట్టు నడిపే మార్వాడీ ఆవిడ పుష్పాబాయి గబగబా స్టూలు వేసి, "కూర్చోండమ్మా, ఎండలో పడి వచ్చారు," అంది.

"మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అంది సూర్యకళ.

"ఇక్కడే పుట్టానండి. మా ఆయనది జోధ్‌పూర్. ఆయనకి నేర్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది."

నగలు చేసే బెంగాలీ ఆయన తన ఫ్యాను వీళ్లవైపు తిప్పాడు. చర్చి మెట్ల దగ్గర మెర్సీ అనే ఆవిడ పరుగున వచ్చి, "ఎన్నాళ్లకి బయటికొచ్చావు పిన్నీ! ఈవిడెవరు?" అంది.

"మా టీచరుగారు," అంది జులేఖా బీ, ఎప్పట్నుంచో ఎరిగున్నట్టు.

గట్టు చేరేసరికి గంటన్నర పట్టింది. జులేఖా బీ రెయిలింగు పట్టుకుని నీళ్లకేసి చూసింది.

"పెళ్లయిన కొత్తలో ఆయనా నేనూ ఇక్కడికే వచ్చేవాళ్లం. మాట్లాడుకోవాలంటే సిగ్గు. పడవలు లెక్కపెట్టేవాళ్లం."

"ఇప్పుడెన్నున్నాయి?"

"ఐదు."

"ఆరండి. అదిగో, ఆ ఇసక పడవ!"

"ఇసక పడవ లెక్కలోకి రాదమ్మా," గట్టిగా అంది జులేఖా బీ. ఆ తగువు తేలేలోపు బస్సు టైము దాటిపోయింది. భీమరాజు ఫోన్ చేశాడు.

"బస్సెక్కావా?"

"లేదండి, పడవలు లెక్కపెడుతున్నాం. ఏడింటి బస్సుకి వస్తాను."

"పడవలా? ఎవరితో?"

"వచ్చాక చెప్తాను, చాలా ఉంది," అని పెట్టేసింది.

తిరుగుదారిలో ఆటో ఎక్కారు. గుమ్మంలోనే కోడలు ఎదురొచ్చింది. "ఇంతసేపా అత్తమ్మా! కంగారుపడి చచ్చాం."

"రేపు నువ్వూ రా," అంది జులేఖా బీ, చెప్పులు విప్పుతూ. "నడవగలవా మరి?"

సూర్యకళ ఆటోలోంచే పకపకా నవ్వింది.