ఉప్పు చల్లిన కోడలు

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. అరవై రెండో ఏట అక్షరాలు దిద్దిన దాన్ని. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి పక్క అక్షరం కిందికి పోతుంటాయి. ఒక్క వేలితో రాస్తాను కాబట్టి ఇది రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. మీరు అంత నెమ్మదిగా చదవక్కర్లేదు.

మా ఆయన పోయాక గుంటూరులో మా అమ్మాయి మాధురి దగ్గరికి వచ్చేశాను. దానికి టైలరింగ్ షాపు ఉంది. కుట్టుకిచ్చిన జాకెట్ గుడ్డలకు గుచ్చే చీటీల మీద పేర్లు రాయమంది. "నాకు రాయడం రాదే" అంటే, "రాస్తే వస్తుంది" అంది. మొదటి రెండు నెలలు ఒకరి జాకెట్లు ఇంకొకరికి వెళ్ళాయి. షాపులో రెండు గొడవలయ్యాయి. నాకు మాత్రం అక్షరాలు వచ్చేశాయి.

అక్షరాలు వచ్చాక ఊరుకోవాలిగా. మనవరాలు శ్రీరమ్య తన పాత ఫోన్ నాకిచ్చి, అందులో నవ్వులసంత అనే జోకుల సైట్ పెట్టింది. జోకు కింద ఎవరైనా కామెంట్ రాయొచ్చు. నాకు 'పచ్చిమిర్చి' అని పేరు పెట్టింది కూడా అదే.

మొదటి రోజే ఒక కార్టూన్ కనిపించింది. పత్తి చేలో ఒకావిడ కొడవలి పట్టుకుని పత్తి కోస్తోంది. "పత్తికి కొడవలెందుకు బాబూ, చేత్తో తీస్తారు" అని రాశాను. రాయడానికి ముప్పావు గంట పట్టింది. వెంటనే ఒకడు, "బ్రో, జోకుని జోకులా చూడు" అన్నాడు. "చూశాను. కొడవలి లేకుండా కూడా నవ్వొస్తుంది" అన్నాను. ఆ రోజు నుంచి నాకు అదే పని. యార్డులో మిరపకాయలు తక్కెడలో పోసి అమ్ముతున్నట్టు ఒకడు రాస్తే, బస్తాల లెక్కన అమ్ముతారని దిద్దాను. అందరూ నన్ను బ్రో అంటారు, సార్ అంటారు. ఒకాయన "నీ మీసం చూస్తే తెలుస్తోంది నీ పొగరు" అన్నాడు. మీసం ఎక్కడ చూశాడో మరి.

అక్కడ నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. గోంగూర పచ్చడి నెలలు నిలవుండాలంటే ఏం చెయ్యాలి అని ఒకసారి అడిగాను. ఒక్కరూ పలకలేదు. మర్నాడు, "గోంగూర పచ్చడి నీళ్ళు పోసి రుబ్బితేనే నిలవుంటుంది" అని రాశాను. నలభై మంది మీద పడ్డారు. నూనె ఎంత, మెంతులెంత, జాడీ ఎండలో ఎన్నాళ్ళు పెట్టాలి, అన్నీ తిడుతూనే చెప్పారు. అడిగితే పలకని మనిషి తప్పు కనబడితే మాత్రం ఆగలేడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఒక రోజు మధ్యాహ్నం గుండీలు కుడుతుంటే శ్రీరమ్య పక్కన కూర్చుని పడీపడీ నవ్వుతోంది.

"అమ్మమ్మా, ఇది విను. సముద్రం ఒడ్డు నుంచి ఒక కొత్త కోడలొచ్చిందంట. కల్లంలో ఆరబోసిన పది బస్తాల మిరపకాయల మీద దోసిళ్ళతో ఉప్పు చల్లిందంట. మామగారు కర్ర తీసుకుని వస్తే, మా ఊళ్ళో చేపలు ఇలాగే ఎండబెడతాం మామయ్యా అందంట!"

సూది నా వేల్లో దిగింది.

"ఎంత మొద్దో పాపం ఆ కోడలు" అంది నా మనవరాలు.

ఆ కోడలిని నేనే.

మాది వాడరేవు పక్క ఊరు. వ్యవసాయం ఇళ్ళే గానీ, గుమ్మం దాటితే చేపలు ఎండుతుంటాయి. పద్దెనిమిదో ఏట పర్చూరు వైపు మిరప పండించే ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన తొమ్మిదో రోజున మా ఆయన, ఆయన స్నేహితుడు, మా బండి తోలే ఆదాం, బండి కట్టుకుని మా పుట్టింటికి వెళ్ళి నా పెట్టె, ఒక బస్తా కల్లుప్పు తెచ్చారు. ఆ ఉప్పు కల్లంలో పది బస్తాల కాయ మీద పడింది. రాత్రి మంచుకు ఉప్పు కరిగి కాయ నల్లబడింది, కొనేవాడు కన్నెత్తి చూడలేదు. మామగారు కేకలేస్తుంటే మా ఆయన నా వైపు చెయ్యి చూపించి, "ఇదే చల్లింది నాన్నా. వాళ్ళ ఊళ్ళో చేపలకు చల్లుతారుగా" అన్నాడు. అంటూనే వాళ్ళ నాన్న వీపు వెనక నుంచి నాకు రెండు చేతులూ జోడించాడు. మామగారి ముందు తలెత్తి మాట్లాడే రోజులు కావవి. ఊరుకున్నాను.

ఆ ఏడాదంతా మా ఇంట్లో కూరల్లో ఉప్పు వెయ్యాల్సిన పని లేకపోయింది. ఊరు నన్ను ఉప్పుకోడలు అంది. మా ఆయన ఆ కథ యార్డులో చెప్పాడు, బస్సులో చెప్పాడు, పెళ్ళి పందిళ్ళలో చెప్పాడు. చెప్పినకొద్దీ మామగారి చేతిలోకి కర్ర వచ్చింది, నా చేతిలోకి దోసిళ్ళు వచ్చాయి. యాభై ఏళ్ళకు ఇదిగో, ఫోన్‌లోకి కూడా వచ్చింది.

ఎన్నాళ్ళో పడ్డాను, ఇంకొన్నాళ్ళు పడేదాన్నే. కానీ మొద్దు అన్నది శ్రీరమ్య. "అది నేనే, నేను చల్లలేదు" అని దానికి చెప్పొచ్చు. నవ్వి, "సరేలే అమ్మమ్మా" అంటుంది. ఆ సరేలే నాకొద్దు. నిజం ఇంకొకరి చేత్తో రావాలి, దాన్ని శ్రీరమ్య తన కళ్ళతో చదవాలి.

ఆ జోకు కింద రాశాను. "ఆ కోడలు ఉప్పు చల్లలేదు. నాకు తెలుసు."

మీద పడ్డారు. "నీకెలా తెలుసు బ్రో, నువ్వు ఆ మిరపకాయవా?" అని ఒకడు. "ఇది మా తెనాలిలో జరిగింది" అని ఒకడు. "మా తాత కళ్ళారా చూశాడు, నరసరావుపేటలో" అని ఇంకొకడు. వాళ్ళిద్దరినీ తెనాలి, నరసరావుపేట తేల్చుకోమని వదిలేశాను. రెండు రోజులు తేల్చుకున్నారు.

మూడో రోజు ఎవడో, "దోసిళ్ళతో చల్లితే పది బస్తాల కాయ పాడవుతుందా? అంత ఉప్పెక్కడిది?" అన్నాడు. దాని కింద 'కాకాని కాకి' అనే పేరుతో ఒక జవాబు.

"బస్తా ఉప్పు. నీలం దారంతో కుట్టిన గోనె. తెలియకపోతే మాట్లాడకు."

ఫోన్ చేతిలోంచి జారి మాధురి కత్తిరిస్తున్న గుడ్డ మీద పడింది. ఆ బస్తా మూతి నీలం దారంతో కుట్టింది మా అమ్మ. ఖాళీ గోనెను మా ఆయన అప్పుడే గడ్డివామి కింద దాచేశాడు. అత్తారి ఊళ్ళో దాన్ని చూసినవాళ్ళం ముగ్గురం. ఒకాయన పోయాడు, ఒకదాన్ని నేను. ఆదాం పెదకాకానిలో కూతురి దగ్గర ఉంటున్నాడని ఎప్పుడో విన్నాను.

"ఆ బస్తా చిరగడానికి కారణం ఎవరు?" అని మర్యాదగా అడిగాను. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. కాకి పలకదు. ఎవరికీ చెప్పనని ఆదాం చేత మా ఆయన ఎడ్ల మీద ఒట్టు వేయించుకున్నాడు. అది నా ముందే జరిగింది.

అప్పుడు గోంగూర గుర్తొచ్చింది.

"నాకు అంతా తెలుసు. ఆ బండికి కట్టినవి రెండూ తెల్లెడ్లు" అని రాశాను.

టీ చల్లారకముందే జవాబు. "తప్పు. ఎడమవైపుది మచ్చెద్దు."

దొరికాడు.

"పొరపాటు. కానీ బండివాడు చీరాలలో తాగి, బండిలో గుర్రు పెట్టి పడుకున్నాడు. ఇది మాత్రం ఖాయం."

"ఎవడ్రా నీకు చెప్పింది? బండివాడు చుక్క ముట్టని మనిషి! వాగు దాటేటప్పుడు చక్రం శీల వదులైతే దిగి, బండి వెనక నడిచి వస్తున్నాడు."

శ్రీరమ్య నా భుజం మీద నుంచి తొంగి చూసి, "ఎవరితో అమ్మమ్మా అంత గొడవ?" అంది.

"కాకితో. కూర్చుని చదువు" అన్నాను.

నెమ్మదిగా ఒక్కో అక్షరం కొట్టాను. "అయితే బండి తోలింది ఎవరు? ఎద్దులే తోలుకున్నాయా? భలే ఎద్దులు. పగ్గాలు కూడా అవే పట్టుకున్నాయేమో."

శ్రీరమ్య కిసుక్కున నవ్వింది. ఈసారి కాకికి పది నిమిషాలు పట్టింది. వచ్చింది చూడండి.

"ఎద్దులు తోలుకోవడమేంట్రా వెధవా! బుల్లయ్య తోలాడు. కల్లంలో కొత్త పెళ్ళాం కాయ తిరగేస్తూ కనిపించింది. అంతే, బండి మీద నిలబడి, పగ్గాలు ఒంటి చేత్తో పట్టుకుని, కాయ మీది నుంచే పరుగు తీయించాడు. మూల రాటకు బస్తా తగిలి చీలిపోయింది. వద్దురా అని నేను వెనక నుంచి అరుస్తూనే ఉన్నా. ఆ పిల్ల వేలు కూడా పెట్టలేదు. తెలియకపోతే నోరు మూసుకో!"

శ్రీరమ్య చదివింది. మళ్ళీ చదివింది. బుల్లయ్య వాళ్ళ తాతయ్య పేరని దానికి తెలుసు.

"అమ్మమ్మా... కొత్త పెళ్ళాం అంటే..."

"ఆ మొద్దు" అన్నాను.

"తాతయ్య నిలబడి తోలాడా? నీ కోసమా?"

"బాగానే ఉన్నాడు, రాట తగిలేదాకా."

అది నన్ను పట్టుకుని నవ్వింది, కాస్త ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. "నువ్వు మొద్దువి కాదు, మహా గడుసుదానివి" అంది. అదీ నాకు కావలసింది.

అప్పుడు కాకికి రాశాను. "ఏం ఆదాం, బాగున్నావా? నేను వదినను."

 తర్వాత, "వదినా! మోసం! ఎడ్ల మీద ఒట్టేశాను" అని వచ్చింది.

"నేనేమీ అడగలేదు. నువ్వే తప్పులు దిద్దావు."

"నువ్వు రాయడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నువ్వు చదివేంత మాత్రం వచ్చిందిలే."

కాసేపటికి ఇంకొకటి రాశాడు. "ఒకసారి యార్డులో వాడు నిజమే చెప్పబోయాడు వదినా. బండి తోలింది నేనే అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు. కోడలి కథ చెప్పమని గోల చేశారు. మళ్ళీ ఆ కథే ఎత్తుకున్నాడు."

ఆ ముక్క నాకు తెలియదు. కాసేపు ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన గుండీలు కుట్టుకున్నాను.

జోకుకు నాలుగు వేల నవ్వులొచ్చాయి. ఆదాం రాసిన నిజానికి పదకొండు వచ్చాయి, అందులో ఒకటి శ్రీరమ్యది, ఒకటి నాది. తెనాలి కుర్రాడైతే, "కాకి మాట నమ్మకండి, ఆ కోడలే చల్లింది" అంటున్నాడు. ఆదాం పొద్దుటి నుంచి వాడితో పోట్లాడుతున్నాడు, ఎడ్లు, రాట, వాగు, అన్నీ వివరిస్తున్నాడు. నేను కల్పించుకోవడం లేదు. పోట్లాట చల్లారినట్టు కనిపించినప్పుడు మాత్రం, "రెండూ తెల్లెడ్లేనంట కదా?" అని ఒక ముక్క పడేస్తున్నాను.

వెంకటరావమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఉండేది గుంటూరు, కొరిటెపాడులో, మా అమ్మాయి షాపు మీది వాటాలో.