సూసై ఎత్తించిన వంతెన

అన్యాయం ఎవరికి జరిగింది? రైలు వంతెన మేస్త్రీ సూసైకి. ఏళ్ల కిందటి తుపానులో పడవవాడు మైకేలు వేడుకుంటే, అనుమతి లేకుండానే వంతెన ఎత్తించి అతని పడవను దాటించాడు. సూసై ఉద్యోగం పోయింది. పడవ లైసెన్సు పోతుందన్న భయంతో మైకేలు నోరు మెదపలేదు.

ఈరోజు ఆ వంతెన పక్కనే కట్టిన కొత్త వంతెన మోటారుతో తొలిసారి లేచింది. ఇనుప మీటలు తోస్తూ నాన్న పాడిన పదం, ఆయన చేతుల గ్రీజు వాసన చూడ్డానికి వచ్చిన సూసై కూతురు అరుళ్‌మేరికి గుర్తొచ్చాయి. ముసలి మైకేలు వంజరం చేపతో ఆమె దగ్గరికి వచ్చాడు. వంతెన దాటించినవారికి చేప ఇవ్వడం తంగచ్చిమడం ఊరి పడవవాళ్ల ఆనవాయితీ.

"నీ చేప నాకెందుకు మామా? ఆనాడు మింగేశావే ఆ మాట, అది కక్కు!"

మైకేలు ప్రారంభోత్సవానికి వచ్చిన రైల్వే అధికారుల మధ్యకు వెళ్లి మైకు అందుకున్నాడు.

"వంతెన ఎత్తమని కాళ్లావేళ్లా పడింది నేనయ్యా! సూసై తప్పేం లేదు."

అరుళ్‌మేరి కొంగు పట్టి చేప అందుకుంది.