లాజెర్ తాత కోటు

మా కంపెనీది నాలుగు తరాల చరిత్ర అని ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అందులో మూడు తరాలు నడిపింది దిష్టిబొమ్మ అని మాత్రం ఎవరూ రాయలేదు.

మా ముత్తాత లాజెర్ సరస్సు ఒడ్డునున్న మా ష్కోడ్రా ఊళ్లో మేస్త్రి. ఆశకొద్దీ ఒకేసారి రెండు ఇళ్లు ఒప్పుకున్నాడు. కట్టే ఇంటి మీద బొమ్మ లేకపోతే మా వైపు పనివాడెవడూ ఇటుక ముట్టడు. ముత్తాత పిసినారి కాబట్టి రెండో ఇంటి బొమ్మకు తన పాత కోటే తొడిగి, తన పరుపులోని గడ్డే కూరి, తన టోపీయే పెట్టాడు. కింద పనిచేసేవాళ్లు ముసలాయన పైన కూర్చుని కనిపెడుతున్నాడనుకున్నారు. ముత్తాత నిలబడి అరిచిన ఇంటికన్నా బొమ్మ కూర్చున్న ఇల్లు నెల ముందే పూర్తయింది.

తాత జెఫ్ కాలంలో సొంత కంపెనీలు మూయించి పనివాళ్లందరినీ సర్కారు పనిలో కలిపేశారు. పేర్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా కింద నుంచే తలకాయలు లెక్కపెట్టి బొమ్మను కూడా చేర్చేశాడు. ఇరవై ఏళ్లలో ఒక్కరోజూ నాగా పెట్టలేదని దానికి పతకం వచ్చింది. పక్కన నిలబడ్డ తాతకు ఏమీ రాలేదు. ఆ పతకం ఇప్పటికీ కోటు మీదే ఉంది.

కాలం మారాక మా నాన్న టోనిన్ కంపెనీని మళ్లీ తెరిచాడు. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. ఆయన కోరిక జీవితమంతా ఒక్కటే: తను చెప్పిన మాట పనివాళ్లు ఒక్కసారి వినాలి.

"ద్వారం వీధి వైపు పెట్టండయ్యా" అనేవాడు నాన్న.

"ఆగు అబ్బాయ్, పెద్దాయన ఏమంటాడో చూద్దాం" అనేవాడు తాత నాటి మేస్త్రి ప్రెంగ్. నాన్నకు అరవై రెండేళ్లు వచ్చినా ప్రెంగ్‌కు అబ్బాయే.

పెద్దాయనంటే బొమ్మ. గాలికి దాని చెయ్యి ఎటు తిరిగితే ద్వారం అటు. మా ఊళ్లో గాలి సరస్సు వైపే కొడుతుంది కాబట్టి మేం కట్టిన ఇళ్లన్నీ వీధికి వీపు పెట్టి ఉంటాయి. చుట్టాలు పక్కింటివాళ్ల ఉల్లి మళ్లు తొక్కుకుంటూ రావాలి. నాన్న ఏమీ అనలేక వచ్చి నాతో చెప్పుకునేవాడు. నా పేరు ద్రాండే, ఇంజనీరును. ఆయన ఏది చెప్పినా అందులో తప్పు వెతకడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆయన మాట విననివాళ్లలో నేనే మొదటిదాన్ని.

పోయిన వసంతంలో సరస్సు పక్కన ఐదంతస్తుల కట్టడానికి స్తంభాలు లేచి, గోడలు ఇంకా మొదలెట్టకముందే, పెద్ద గాలివాన వచ్చి పైనున్న పెద్దాయన్ని ఎత్తుకుపోయింది. మర్నాడు జాలర్ల వలలో కోటూ టోపీ పతకమూ దొరికాయి. గడ్డి మాత్రం నీళ్లపాలైంది. పనివాళ్లు తాపీలు కింద పెట్టేశారు.

"కొత్త గడ్డి కూరితే సరిపోతుంది కదా మేస్త్రీ" అన్నాను.

"ఎవరి గడ్డి అమ్మా? అది లాజెర్ పరుపులో గడ్డి. మీ వంశానిది. బజారు గడ్డి కూరితే పెద్దాయన ఎలా అవుతాడు?" అన్నాడు ప్రెంగ్.

పది రోజులు పని ఆగింది. పదకొండో రోజున నాన్న ఆ కోటు చేతిలోకి తీసుకుని నెమ్మదిగా అడిగాడు.

"వంశంలోదే కావాలంటే, నేను పనికొస్తానా?"

ప్రెంగ్ ఆయన భుజాలు, నడుము నొక్కి చూశాడు. "బిగువుగానే ఉన్నాడు" అన్నాడు. నలుగురూ తలలూపారు. నాన్న కోటు తొడుక్కుని పైకెక్కి అంచున కూర్చున్నాడు.

"ద్వారం వీధి వైపు" అన్నాడు పైనుంచి.

ప్రెంగ్ టోపీ తీశాడు.

"ఇన్నాళ్లకు పెద్దాయన నోరు విప్పాడు. వినబడలేదట్రా? వీధి వైపు."

వీధి వైపే పెట్టారు. మెట్ల వెడల్పు, కిటికీల ఎత్తు, అన్నీ నాన్న చెప్పినట్టే అయ్యాయి. సంతోషంతో ఆయన కళ్లు తుడుచుకుంటుంటే, బొమ్మ తడిసిందని ఎవరో పైకెక్కి గొడుగు కట్టి వచ్చారు. నేను చేపల కూర తీసుకెళ్లి, దిగు నాన్నా, నడుం పట్టేస్తుంది అని పోరు పెట్టేదాన్ని.

"దిగితే మళ్లీ అబ్బాయినే కదమ్మా" అనేవాడు.

జూన్‌లో ఇల్లు పూర్తయింది. పూర్తయిన ఇంటి మీద బొమ్మ ఉండకూడదు, తర్వాతి చోటికి పోవాలి. ప్రెంగ్ నలుగురిని పైకి పంపాడు. వాళ్లు నాన్నను తలా కాళ్లూ పట్టుకుని, పతకం ఊడకుండా జాగ్రత్తగా దించి, లారీలో సిమెంటు బస్తాల మీద పడుకోబెట్టారు. ఆయన కూడా బొమ్మలాగే బిగుసుకుని పడుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. లారీకి అడ్డంగా నిలబడ్డాను.

"మా నాన్న ఆయన. బొమ్మ కాదు. కిందికి దించండి."

పనివాళ్లు నన్ను కాకుండా బస్తాల మీది కోటును చూశారు. నాన్న తల కొంచెం ఎత్తాడు. అంత కుదురైన గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు.

"ద్రాండే, పక్కకు జరుగమ్మా."

ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి, ఎదురు చెప్పకుండా జరిగాను.