ఐదు మిల్లీమీటర్లు

బాయిలరు మీద నేను సుద్దతో రాసిన అంకెను మేనేజరు, గంగప్ప చేతనే తుడిపించాడు. ఇరవై ఏళ్లుగా ఆ బాయిలరును మండిస్తున్నవాడు గంగప్ప. అతను తడిగుడ్డతో రెండుసార్లు రుద్దాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

పుంగనూరు రోడ్డులోని ఆ టమాటా గుజ్జు ఫ్యాక్టరీకి ఏడాదికొకసారి బాయిలరు తనిఖీకి కుప్పం నుంచి వస్తాను. ఇనుమును కోయకుండా, విప్పకుండా, పైన కాస్త జెల్ రాసి చిన్న మీటరు ఆనిస్తే రేకు ఎంత మందం మిగిలిందో చెబుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల కన్నా తగ్గితే మంట పెట్టకూడదు, పేలుతుంది. ఈసారి బాయిలరు అడుగున ఐదు చూపించింది.

"పైన సూడప్పా, బాగుంటాది. పోయినేడు అట్నే రాసిస్తివి గదా" అన్నాడు మేనేజరు.

నిజమే. పైన కొలిచి, అడుగున కొలిచినట్టు రాశాను. ఆ తర్వాత ఏడాదంతా నాకు భయం వేయలేదు. అలసట మాత్రమే ఉండేది. భయపడటానికి కూడా మనిషిలో కొంత బలం మిగలాలి.

"ఐదంటే ఏందప్పా?" అని అడిగింది బయ్యమ్మ. టమాటాలు ఏరే పాతికమంది ఆడవాళ్లలో ఆమె ఒకతి, మిగతావాళ్లు ఆమె వెనక నిలబడ్డారు. వాళ్ల బల్లలు బాయిలరు గోడకు అవతలే.

చెప్పాను. పోయిన ఏటి అబద్ధమూ చెప్పాను.

"మమ్మల్ని సావు పక్కన కూసోబెట్టి నువ్వు ఇంట్లో అన్నం తింటాండావా?"

"అవునమ్మా."

"అవునంట! మొగం సూడు, ఉడికిన టమాటా మాదిరి!" వెనక ఎవరో నవ్వారు.

"సరుకు కుళ్లిపోతాది. గంగప్పా, మంట పెట్టు" అన్నాడు మేనేజరు.

గంగప్ప గుడ్డ కింద పడేశాడు. "పెట్టను సార్."

"నువ్వు గాకుంటే ఇంకొకడు."

"యాడ్నించి తెస్తావో తే. వానికీ సెప్తాం" అంది బయ్యమ్మ.

ఏ క్రేటు ఏ రైతుదో తెలియడానికి గుర్తులు వేసే నీలం రంగు డబ్బా మూలన ఉంది. ఆమె అందులో వేలు ముంచి బాయిలరు మీద 5 వేసింది. తర్వాత ఖాళీ క్రేట్ల మీద వేసింది. మిగతావాళ్లూ వంగి డబ్బాలో వేళ్లు ముంచారు. గుర్రంకొండ, వాల్మీకిపురం ఊళ్లకు తిరిగిపోవలసిన క్రేట్లన్నీ ఐదులతో లారీ ఎక్కాయి.

మేనేజరు ఫోను చేస్తే మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. "రంగు పూసిందెవురు?"

పాతిక నీలం వేళ్లు లేచాయి. నా వేళ్లకు సుద్ద మాత్రమే ఉంది. అడుగు కొలత రాసి, సంతకం చేసి, కాగితం ఎస్సై చేతికిచ్చాను. "ఆ అంకె నాది."

మేనేజరు వేలు చూపిస్తే నన్నూ బయ్యమ్మనూ జీపెక్కించారు. మిగిలినవాళ్లు గంగప్పతో కలిసి బాయిలరు గది గడపలో కూర్చున్నారు. మదనపల్లె దారిలో మా ముందే ఆ లారీ పోతోంది, ఐదులు ఊగుతున్నాయి.

"వణుకుతాండావే" అంది బయ్యమ్మ.

భయం వేస్తోంది. ఏడాది తర్వాత.